గోడవైపు తిరిగిన మైకు

డ్రమ్మర్‌ని వదిలించుకోవాలంటే అతనితో గొడవ పడనక్కర్లేదు. ఉన్న మైకుల్ని అటొకటి ఇటొకటి జరిపితే చాలు.

ఈ సంగతి టేపక్కకి తెలుసు. గాయకుడికీ తెలుసు. అందుకే ఆ ఉదయం ఆయన అందరికంటే ముందు స్టూడియోకి వచ్చాడు. కంట్రోల్ రూమ్ తలుపు దగ్గరగా వేసి, చక్రాల కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

టేపక్క ఆ స్టూడియోలో రికార్డింగ్ ఇంజనీరు. కొత్తవాళ్లు ఆ పేరు వినగానే పాటల టేపనుకుంటారు. అదేం కాదు. డ్రమ్స్ పని ఉన్న రోజున దర్జీలు వేసుకునే కొలత టేపు ఆమె మెడలో వేలాడుతూ ఉంటుంది. ఏ మైకు ఏ డ్రమ్‌కి ఎంత దూరంలో ఉండాలో కళ్లతో చూసి ఒప్పుకోదు, టేపు పెట్టి కొలిస్తేగాని నిద్రపట్టదు. ఒకసారి ఆ టేపుతోనే ఇంటికెళితే ఎదురింటావిడ జాకెట్ గుడ్డ పట్టుకొచ్చింది.

"నీతో ఓ పని పడింది," అన్నాడు గాయకుడు.

"పని ఉండేగా వచ్చారన్నా."

"అది కాదు. మా చిన్నోడి సంగతి."

చిన్నోడంటే ఆయన బృందంలో డ్రమ్స్ వాయించేవాడు. ఆయన భార్యకి స్వయానా తమ్ముడు. గుమ్మాల్లోంచి తల వంచి రావాల్సినంత పొడుగు. అయినా అక్క పెట్టిన పిలుపు అతన్ని వదల్లేదు.

"మూడో పాటలో ఈడుస్తున్నాడు," అన్నాడు గాయకుడు. "నేను ముందుకి పోతుంటే వెనకనించి చొక్కా పట్టుకుని లాగినట్టుంటోంది. పోయినసారి కచేరీలో నువ్వూ విన్నావుగా?"

విన్నది. మూడో పాట నెమ్మది పాట. అందులో గాయకుడు ఒక దారిన, డ్రమ్స్ ఒక దారిన పోయిన మాట నిజమే. టేపక్క కాదనలేదు.

"అయితే ఆ ముక్క అతనితోనే చెప్పండి. మీ బావమరిదేగా!"

"బావమరిది కాబట్టే చెప్పలేక చస్తున్నా. ఇంకొకడైతే ఈపాటికి భుజం తట్టి సాగనంపేవాణ్ణి. వీణ్ణి ఒక్క మాటన్నానంటే మీ వదిన నాకు అన్నమైతే పెడుతుంది, నా మొహం మాత్రం చూడదు. తలుచుకుంటేనే ముద్ద దిగట్లేదు."

"ఇంతకీ నన్నేం చేయమంటారు?"

గాయకుడు గొంతు తగ్గించాడు. ఆ గదిలోంచి చప్పుడు బయటికి పోదని ఆయనకీ తెలుసు. అయినా తగ్గించాడు.

"మైకులు కాస్త తేడాగా పెట్టు. వాడి వాయింపు వాడే విని, 'ఛీ, ఇదేంటిలా ఉంది' అనుకోవాలి. తనంతట తనే లేచి 'బావా, ఇక నావల్ల కాదు' అనాలి. మెషిన్ డ్రమ్స్ ఇంట్లో కంప్యూటర్లో చేసి పెట్టాను. అవి పెట్టుకుని పాడేస్తా. ఎవరి మీదా మాట ఉండదు. చెప్పింది మైకు, విన్నది వాడు."

టేపక్క అద్దంలోంచి అవతలి గదిలోకి చూసింది. మధ్యలో చాప మీద డ్రమ్స్ బిగించి ఉన్నాయి. చుట్టూ ఖాళీ స్టాండ్లు. ఇన్నేళ్లలో ఆమె మంచి చప్పుడు కోసమే మైకులు పెట్టింది. చెడ్డ చప్పుడు కోసం ఎప్పుడూ పెట్టలేదు. ఎలా పెట్టాలా అన్న ఆలోచన మాత్రం ఆమె ఒప్పుకోకముందే మొదలైపోయింది. అది ఆ వృత్తిలో ఉన్న జబ్బు.

"భోజనాల వేళ వరకే," అంది చివరికి. "ఆలోగా అతను తప్పుకోకపోతే లేచి అన్నీ ఎక్కడివక్కడ పెట్టేస్తాను. అప్పుడు నన్నేమీ అనకూడదు. ఉన్నవాడు ఉన్నట్టే రికార్డవుతాడు, బాగుంటే బాగున్నట్టు, లేకపోతే లేనట్టు."

"నీ నోటిమాట చాలు," అని గాయకుడు లేచి కాఫీకి వెళ్లాడు.

చెడగొట్టడం అంత తేలికేం కాదని మైకుల పెట్టె తెరిచాక ఆమెకి తెలిసింది. మరీ మొరటుగా చెడగొడితే ఎవడైనా పట్టేస్తాడు. మనిషి తనని తాను అనుమానించుకోవాలి గాని మైకుని అనుమానించకూడదు.

కాలితో తొక్కి వాయించే పెద్ద డ్రమ్ ముందు తోలుకి ఒక రంధ్రం ఉంటుంది. మామూలుగా అయితే ఆమె బరువైన లావుపాటి మైకుని ఆ రంధ్రంలోంచి లోపలికి పెట్టి, కాలిమీట తొక్కితే వచ్చి కొట్టే ముద్ద తగిలే చోటుకి గురిపెట్టేది. ఇవాళ దాన్ని పెట్టెలోనే ఉంచేసింది. గిటార్లకి వాడే సన్నటి మైకు తీసి రంధ్రానికి బారెడు దూరంలో నిలబెట్టింది.

మోకాళ్ల మధ్య ఉండే స్నేర్ డ్రమ్‌కి రెండు మైకులు, పైనొకటి, కిందొకటి. అడుగున ఉన్న సన్నటి తీగల గరగర కింది మైకు పట్టుకుంటుంది. కానీ దెబ్బ పడినప్పుడు తోలు పై మైకుకి దూరం జరుగుతుంది, కింది మైకుకి దగ్గరవుతుంది. రెండింటినీ అలాగే కలిపితే ఒకదాన్నొకటి తినేస్తాయి, డ్రమ్ అట్టపెట్టెలా మోగుతుంది. అందుకే కింది మైకు సంకేతాన్ని తిరగేసే బటన్ ఒకటి బోర్డు మీద ఉంటుంది. ఆ బటన్ నొక్కడం ఆమెకి చెప్పులు విడవడంలాంటిది, ఆలోచించకుండా జరిగిపోతుంది. ఇవాళ వేలు దాని మీదకి దానంతటదే వెళ్లింది. ఆమె వేలిని వెనక్కి తీసుకుంది.

మిగిలినవి డ్రమ్మర్ తల పైన ఉండే మైకులు రెండు. స్నేర్‌నుంచి రెండింటికీ ఒకే దూరం ఉండాలి. టేపు అవసరమంతా అక్కడే. ఒకదాన్ని ఎడమవైపు సింబల్ అనే ఇత్తడి పళ్లేనికి మరీ దగ్గరగా దించింది. రెండోదాన్ని స్టాండుతో సహా ఎత్తుకుని తలుపు దాటి, పొడుగాటి వరండా చివర మెట్ల దగ్గర దించి, గోడవైపు తిప్పింది. డ్రమ్ చప్పుడు అంత దూరం వచ్చి, గోడకి కొట్టుకుని మైకులో పడేసరికి కాస్త ఆలస్యమవుతుంది. ప్రతి దెబ్బకీ వెనకాలే దాని నీడ పడుతుంది. లయ సరిగా ఉన్నవాడికి కూడా లయ తప్పుతున్నట్టు అనిపిస్తుంది.

మెట్లు తుడిచే పెద్దావిడ బకెట్ పక్కన పెట్టి నడుం మీద చెయ్యేసుకుంది.

"మెట్లకడ్డంగా ఇదేంటమ్మా?"

"మైకండి."

"అది తెలుస్తూనే ఉందిలే. గోడతో ఏం మాట్లాడిస్తావని?"

టేపక్క టేపు మెడలోంచి తీసి జేబులో పెట్టుకుని లోపలికి వచ్చేసింది.

చిన్నోడు వచ్చాడు. అతనితోపాటు బేస్ గిటార్ వాయించే ఆయన వచ్చాడు. రోజుకి నాలుగు మాటలకి మించి మాట్లాడడు కాబట్టి ఆయన్ని అందరూ మౌని అంటారు. చిన్నోడు డ్రమ్స్ వెనక కూర్చుని, మైకులన్నీ ఒకసారి చూశాడు. తలుపు సందులోంచి వరండాలోకి పోతున్న తీగనీ చూసి, కర్రలు చేతిలోకి తీసుకున్నాడు.

"మూడో పాటతో మొదలెడదాం," అన్నాడు గాయకుడు స్పీకర్లోంచి.

"అదేంటి బావా, రోజూ దాన్ని చివర్న పెడతావుగా!"

"ఇవాళ ముందు పెట్టా. నీకేమన్నా అభ్యంతరమా?"

"నాకెందుకుంటుంది? నువ్వు మొదలెట్టమంటే మొదలెట్టడమే."

వాయించాడు. తర్వాత కంట్రోల్ రూమ్‌లోకి వచ్చి, సోఫా వెనక నిలబడి విన్నాడు.

టేపక్క అనుకున్నదానికంటే ఘోరంగా వచ్చింది. స్నేర్ అగ్గిపెట్టె మీద గోటితో కొట్టినట్టుంది. పెద్ద డ్రమ్ ఎవరో పక్క వాటాలో పరుపు దులుపుతున్నట్టుంది. ఎడమవైపు సింబల్ చెవి కోసేస్తోంది. వీటన్నిటి వెనకాల వరండాలోంచి ఇంకో డ్రమ్మరెవరో ఆలస్యంగా వచ్చి దొరికినకాడికి వాయిస్తున్నట్టుంది.

పాట అయిపోయింది. గాయకుడు కిటికీ అద్దం మీది మరక తుడుస్తున్నాడు. మౌని బూట్ల లేసులు చూసుకుంటున్నాడు.

"ఇది నేనేనా?" అన్నాడు చిన్నోడు.

"మరెవరు?" అన్నాడు గాయకుడు, ఇటు తిరక్కుండానే.

చిన్నోడి చెవులు ఎర్రబడ్డాయి. అంత పొడుగు మనిషీ భుజాలు దించి నిలబడితే సోఫా వెనక సగమే కనిపించాడు. టేపక్క చూపు కింది మైకుని తిరగేసే బటన్ మీదకి పోయింది. ఒక్క నొక్కు నొక్కితే సగం మనిషి లేచి నిలబడతాడు. ఆమె చెయ్యి కదిలింది కూడా.

"ఆగక్కా," అన్నాడు చిన్నోడు. "ఏమీ ముట్టుకోకు. ఇంకోసారి వాయిస్తా."

వెళ్లి కూర్చున్నాడు. వెంటనే వాయించలేదు. ముందు ఎడమవైపు సింబల్ మర విప్పి, దాన్ని తీసి గోడకి ఆనించాడు. కాసేపు ఆలోచించి కుడివైపుదీ తీసేశాడు. వరసగా ఉండాల్సిన ఇత్తడి పళ్లేలు పోయి, కాలితో తెరిచి మూసే జంట ఒక్కటే మిగిలింది.

"వీడేంటి, సామాను సర్దుకుంటున్నాడా?" అన్నాడు గాయకుడు. గొంతులో ఆశ దాగలేదు.

చిన్నోడు సర్దుకోవడం లేదు. స్నేర్ పక్కనున్న మీట ఎత్తి, అడుగున తీగల్ని వదులు చేశాడు. గరగర ఆగిపోయింది. కింది మైకుకి దొరికేది తగ్గేసరికి పై మైకుతో దాని పేచీ చాలావరకు సర్దుకుంది. తర్వాత మరలు తిప్పే తాళంచెవితో తోలు బిగువు దించి దించి, స్నేర్‌ని డోలు గొంతులోకి తెచ్చాడు.

రెండోసారి వాయించాడు. వచ్చి విన్నాడు. మళ్లీ వెళ్లాడు. ఈసారి కుడికాలి బూటు విప్పి, మేజోడు తీసి, పెద్ద డ్రమ్‌ని కొట్టే ముద్దకి తొడిగాడు.

"ఆ మేజోడు ఉతికిందేనా, కనుక్కోండి," అన్నాడు మౌని. ఆ రోజుకి అది ఆయన మొదటి మాట.

మేజోడు తొడిగిన ముద్ద తోలుకి తగలగానే, బారెడు దూరంలో ఉన్న సన్నటి మైకులోంచి పరుపు దులిపిన చప్పుడు పోయింది. లోతుగా, మెత్తగా, నేల కిందినుంచి వచ్చినట్టు ఒక దెబ్బ వచ్చింది. టేపక్క కుర్చీలో నిటారుగా కూర్చుంది. లావుపాటి మైకుతో ఆ దెబ్బ ఎన్నడూ రాలేదు.

ఇక మిగిలింది వరండా. అక్కడినుంచి వచ్చే నీడని ఆపే మీట డ్రమ్స్ మీద ఏదీ లేదు. చిన్నోడు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒకే ఒక్క దెబ్బ కొట్టి ఆగాడు. నీడ వచ్చింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ వచ్చింది. ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగే పెద్దమనిషిలా తల వంచి వింటున్నాడు. కాసేపటికి, ఇన్నాళ్లూ తను నింపుతూ వచ్చిన చోట్లలో చిన్నచిన్న దెబ్బలన్నీ మానేశాడు. తను ఖాళీ వదిలాడు, నీడ వచ్చి నింపింది. ఇద్దరు వాయిస్తున్నట్టుగా ఉండి, రెండోవాడు కరెక్టు సమయానికి వస్తున్నట్టయింది.

గాయకుడు అద్దం తుడవడం మానేసి చాలాసేపయింది. గుడ్డ ఇంకా చేతిలోనే ఉంది. పెదవులు కదులుతున్నాయి. పాడుతున్నానని ఆయనకే తెలిసినట్టు లేదు.

"ఆ పాడే చిన్న గదిలో మైకు వేసుందా?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఉంది. ఎందుకు?"

"ఊరికే. ఒకసారి చూద్దామని."

ఊరికే చూద్దామని వెళ్లినవాడు పల్లవి అందుకున్నాడు. కచేరీల్లో ఈ పాట దగ్గర ఆయన ఊపిరి పీల్చుకోవడానికి తీరిక లేనట్టు పరిగెత్తేవాడు. ఇవాళ ప్రతి చరణం చివరా చోటు ఉంది. ఆయన ఆగాడు, ఊపిరి తీసుకున్నాడు, మళ్లీ ఎత్తుకున్నాడు. చొక్కా పట్టుకుని లాగుతున్నవాళ్లెవరూ లేరు. పాట మొదటినుంచి చివరిదాకా ఒక్క ఊపులో వెళ్లిపోయింది. టేపక్క రికార్డు బటన్ ఎప్పుడో నొక్కేసింది. ఈసారి వేలు ఆమెని అడగలేదు.

పాట అయ్యేసరికి కంట్రోల్ రూమ్ తలుపు తెరుచుకుని గాయకుడి భార్య వచ్చింది. చేతిలో అందరి భోజనాల సంచీ ఉంది. అంటే గడువు అయిపోయిందన్నమాట.

టేపక్క మాట మీద నిలబడే మనిషి. లేచి, జేబులోంచి టేపు తీసి మెడలో వేసుకుని, మైకులు సర్దడానికి అవతలి గదిలోకి నడిచింది. పెద్ద డ్రమ్ ముందున్న స్టాండు మీద చెయ్యి వేసిందో లేదో, చిన్న గదిలోంచి గాయకుడు హెడ్‌ఫోన్ తీగతో సహా పరిగెత్తుకొచ్చాడు.

"ముట్టుకోకు!"

"భోజనాల వేళన్నా. మనం అనుకున్నది..."

"ఏమీ అనుకోలేదు! ఏం అనుకున్నాం? దాన్ని అలాగే ఉండనియ్యి!"

తీగ సాగినంత సాగి ఆయన్ని వెనక్కి లాగింది. చిన్నోడు స్టూలు మీద కూర్చుని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

అందరూ కంట్రోల్ రూమ్‌లో చేరి పాట పెట్టుకున్నారు. చిన్నోడి అక్క సంచీ ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నది. అయ్యాక కళ్లు తుడుచుకోలేదు గాని కొంగుతో ముక్కు మాత్రం తుడుచుకుంది.

"ఇది మన చిన్నోడేనా?"

"వాడే," అన్నాడు గాయకుడు. పొద్దున్న 'మరెవరు' అన్న గొంతే. ఇప్పుడది వేరేలా వినిపించింది.

"ఇన్నాళ్లూ ఇలా ఎందుకు వినపడలేదమ్మాయ్?" అని ఆవిడ టేపక్కని అడిగింది. "వచ్చేటప్పుడు చూశా, మెట్ల దగ్గర ఒక మైకు గోడవైపు పెట్టావు. అదేనా కారణం?"

"అదీ ఒకటి వదినా."

"మంచి ఆలోచన! నీదేనా?"

టేపక్క అబద్ధం చెప్పదలుచుకోలేదు. "కాదు. మైకులు ఇవాళ తేడాగా పెట్టమని అన్నగారే చెప్పారు. పొద్దున్నే వచ్చి మరీ చెప్పారు."

గాయకుడికి పొలమారింది. ఆయన నోట్లో ఏమీ లేదు.

"ఈయనా?" ఆవిడ భర్తని పైనించి కిందికి చూసింది. "నా తమ్ముడి కోసం పొద్దున్నే లేచొచ్చావా? నాతో ఒక్క ముక్కైనా చెప్పలేదేం?"

"అంటే... ఒక ప్రయోగం... వస్తుందో రాదో అని..."

"వచ్చిందిగా! ఇక పాటలన్నీ ఇలాగే చేయండి. ఒక్క మైకు కూడా కదపడానికి వీల్లేదు. విన్నావా అమ్మాయ్?"

మౌని సంచీ వైపు చూసి, "తిందామా?" అన్నాడు.

గాయకుడు ముద్ద దిగడం లేదన్న మాట మర్చిపోయి అందరికంటే ఎక్కువ తిన్నాడు. ఆయన మెషిన్ డ్రమ్స్ ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు.

భోజనాలయ్యాక చిన్నోడు డ్రమ్స్ గదిలో ఒంటరిగా కూర్చుని, ముద్దకి తొడిగిన మేజోడు జారకుండా దారం చుడుతున్నాడు. టేపక్క రంగు ప్లాస్టర్ చుట్ట పట్టుకొచ్చింది. రేపు ఎవరైనా పొరపాటున కదిపినా మళ్లీ అక్కడే పెట్టొచ్చని ప్రతి స్టాండు కాళ్ల చుట్టూ నేల మీద ముక్కలు అంటించడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లలో ఆమె ఇంత తప్పుగా మైకులెన్నడూ పెట్టలేదు. ఇంత జాగ్రత్తగా గుర్తులూ ఎన్నడూ పెట్టలేదు.

"అక్కా," అన్నాడు అతను, దారం మీంచి తల ఎత్తకుండా. "ఆ లావుపాటి మైకు ఇవాళ పెట్టెలోనే ఉండిపోయిందేం?"

టేపక్క ప్లాస్టర్ చింపడం ఆపింది. "కూర్చోగానే చూశావా?"

"నీ మెడలో టేపు లేదని చూడగానే అనుమానమొచ్చింది."

"మరి అప్పుడే అడగొచ్చుగా! సరిచేసేదాన్ని."

"అదే భయం." చిన్నోడు ముడి బిగించాడు. "నువ్వు సరిచేశాక కూడా నేను అలాగే వినపడితే? మైకులు తప్పుగా ఉన్నంతసేపూ తప్పు వాటిదే కదా. నేను ఏం చేసినా ఇంతకంటే చెడేదేముంది అనుకుని వాయించా. ఈ పాటలో తప్పు పోతుందేమోనని నాకెప్పుడూ చెయ్యి వెనకాడేది. ఇవాళ వెనకాడలేదు."

ఆమె ఇంకో ప్లాస్టర్ ముక్క చింపింది. అతను అడిగాడు.

"నీ పనా, బావ పనా?"

"చెయ్యి నాది. మాట మీ బావది."

చిన్నోడు ఒక్క క్షణం గోడకి ఆనించిన సింబల్స్ వైపు చూశాడు. తర్వాత భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు.

"అక్కతో మాత్రం అనకు. ఈ ఒక్క రోజుకైనా ఇంట్లో బావకి మంచిపేరు రానీ, పాపం. ఎప్పుడు చూసినా నాతోనే పోలుస్తుంది."

"మళ్లీ ఈడిస్తే?"

"ఈడిస్తే ఈసారి నా మొహం మీదే చెప్పమను. లేదా నువ్వు చెప్పు. మైకుల చేత చెప్పించకండి. మీకూ శ్రమ, నాకూ మేజోడు దండగ."

టేపక్క గదిలో గుర్తులు పూర్తిచేసి వరండాలోకి నడిచింది. మెట్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చివరి స్టాండు కాలికి ప్లాస్టర్ అంటించింది. మైకు గోడవైపే చూస్తోంది. టేపు తీసి గోడకీ మైకుకీ మధ్య దూరం కొలిచింది. తలుపు దాకా కొలిచింది. లోపలికి వెళ్లి స్నేర్ దాకా కొలిచింది. పొద్దున్న కొలవకుండా పెట్టిన ఒకే ఒక్క మైకు అది.

తిరిగి వచ్చేసరికి మెట్లు తుడిచే పెద్దావిడ బకెట్‌తో ఎదురైంది.

"ఇంకా తియ్యలేదా దీన్ని? ఎవరో మర్చిపోయి అడ్డంగా వదిలేశారనుకున్నా. పక్కకి జరిపేద్దామనే వస్తున్నా."

"జరపకండి," అంది టేపక్క. "మర్చిపోలేదు. కావాలనే పెట్టాను."